ఆర్వీలో దూర ప్రయాణం: రోడ్డు పరిస్థితి, మరమ్మతులు, టోల్ లెక్కలు

ఆర్వీ అంటే లోపలే పడక, వంటగది ఉండే ఇల్లులాంటి బండి; సొంత ఇంజిన్ ఉంటే మోటార్‌హోమ్, వేరే బండితో లాగితే ట్రైలర్. అమెరికాలో ఏళ్ల తరబడి కారు నడిపినవాళ్లు కూడా దాని స్టీరింగ్ పట్టుకున్నాక ఒక సంగతి మర్చిపోతుంటారు. ఫోన్‌లో మ్యాప్ చూపించేది కారు వెళ్లే దారి. మీ బండి పన్నెండడుగుల ఎత్తు ఉందని గానీ, లోపల గ్యాస్ సిలిండర్ ఉందని గానీ, వెనకాల ఇంకో కారు తగిలించి లాగుతున్నారని గానీ దానికి తెలియదు. కారైతే పట్టించుకోకుండా దాటిపోయే వంతెన కింద ఆర్వీ పైకప్పు ఊడిపోవచ్చు. కారుకి నాలుగు డాలర్లు తీసుకునే చోట ఆర్వీకి పది తీసుకోవచ్చు. అందుకని దారి గీసే పని కాసేపు పక్కన పెట్టి ముందు బండిని కొలుద్దాం.

1. బండి కొలతలు కాగితం మీద పెట్టండి

కావలసినవి ఆరు: ఎత్తు, వెడల్పు, పొడవు, బరువు, యాక్సిళ్లు (చక్రాల ఇరుసులు) ఎన్ని, ప్రొపేన్ (సిలిండర్‌లోని గ్యాస్) ఎన్ని పౌండ్లు.

వీటిలో ప్రాణం తీసేది ఎత్తు. బ్రోచర్‌లో రాసిన ఎత్తు నమ్మకండి. పైకప్పు మీద ఏసీ, యాంటెన్నా, సోలార్ ప్యానెల్ ఏది ఎక్కువ ఎత్తులో ఉంటే అక్కడిదాకా టేపుతో కొలవండి. అద్దె బండి అయితే డ్రైవర్ ముందు స్టిక్కర్ ఉంటుంది. లేకపోతే మీరే అడుగులు, అంగుళాల్లో రాసి అతికించండి. మీటర్లలో గుర్తుపెట్టుకుంటే వంతెన ముందుకి వచ్చేసరికి తలలో లెక్క తిరగదు. క్లాస్ సి బండ్లు (వ్యాన్ ముందు భాగం మీద కట్టిన మోటార్‌హోమ్‌లు) చాలావరకు పది నుంచి పన్నెండు అడుగులు, బస్సులా ఉండే పెద్ద క్లాస్ ఏ, పికప్ ట్రక్కుతో లాగే ఫిఫ్త్ వీల్ ట్రైలర్ అయితే పదమూడు దాకా ఉంటాయి.

నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో గ్రెగ్సన్ స్ట్రీట్ మీద ఒక రైలు వంతెన ఉంది. దాని కింద ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలే ఉండేది. అద్దె ట్రక్కులు, ఆర్వీలు దానికి తగిలి పైకప్పులు చీరుకుపోతున్న వీడియోలు ఇంటర్నెట్‌లో కోకొల్లలు. 2019లో దాన్ని ఎనిమిది అంగుళాలు పైకి లేపి 12 అడుగుల 4 అంగుళాలు చేశారు. అయినా తగులుతూనే ఉన్నాయి. హెచ్చరిక బోర్డులకేం లోటు లేదు, లోటల్లా తమ బండి ఎత్తు తెలిసిన డ్రైవర్లకే. ఇంకో మాట: రోడ్డు మీద కొత్త తారు వేసినప్పుడల్లా వంతెన కింద ఖాళీ కాస్త తగ్గుతుంది, బోర్డు మీది అంకె మాత్రం పాతదే ఉండిపోవచ్చు. అందుకే కనీసం అరడుగు తేడా లేని వంతెన జోలికి పోకండి.

వెడల్పు విషయానికొస్తే, పెద్ద ఆర్వీలు ఎనిమిదిన్నర అడుగులు ఉంటాయి. అది అద్దాలు కలపకుండా. పొడవు కొలిచేటప్పుడు వెనక సైకిళ్ల స్టాండు, వెనకాల తగిలించి లాగే కారు కూడా కలపండి.

2. వెళ్లకూడని రోడ్లు ముందే కొట్టేయండి

వెళ్లాల్సిన దారి వెతకడం కన్నా వెళ్లకూడనివి తీసేయడం తేలిక. అవి మూడు రకాలు.

మొదటిది ఈశాన్య రాష్ట్రాల పార్క్‌వేలు. న్యూయార్క్ చుట్టుపక్కల హచిన్సన్ రివర్ పార్క్‌వే, సదరన్ స్టేట్ పార్క్‌వే, కనెక్టికట్‌లో మెరిట్ పార్క్‌వే లాంటివి ఒకప్పుడు కార్ల షికారు కోసం కట్టినవి. వాటి మీది వంతెనలు కిందకి ఉంటాయి. పెద్ద ఆర్వీలకి, ట్రైలర్లకి అక్కడ ప్రవేశం లేదు. మ్యాప్ మాత్రం ట్రాఫిక్ తక్కువుందని సంతోషంగా వాటిలోకి తిప్పుతుంది. ఆ ప్రాంతంలో పేరు చివర పార్క్‌వే అని కనిపిస్తే ఆగి ఆలోచించండి.

రెండోది సొరంగాలు. ఇక్కడ సమస్య ప్రొపేన్. బాల్టిమోర్‌లో ఐ-95 (ఐ అంటే ఇంటర్‌స్టేట్, రాష్ట్రాలు కలిపే పెద్ద హైవే) మీది ఫోర్ట్ మెక్‌హెన్రీ టనెల్‌లోకి గానీ, ఐ-895 మీది హార్బర్ టనెల్‌లోకి గానీ ఒక్కో సిలిండర్‌లో పది పౌండ్లకు మించి ప్రొపేన్ ఉన్న బండిని రానివ్వరు. ట్రైలర్ ముందు బిగించే మామూలు సిలిండరే ఇరవై, ముప్పై పౌండ్లు ఉంటుంది. అంటే దాదాపు ఆర్వీలన్నీ అవుటే. అలాంటివాళ్లు ఐ-695 మీద ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన ఎక్కి తూర్పు వైపు నుంచి తిరిగి వెళ్లేవాళ్లు. 2024 మార్చి 26న ఒక కంటైనర్ ఓడ ఢీకొని ఆ వంతెన కూలిపోయింది. కొత్తది పూర్తయ్యేదాకా ఐ-695 పడమటి వైపు నుంచి ఊరు చుట్టి రావాల్సిందే. పాత బ్లాగుల్లోని సలహాలు పట్టుకుని బయల్దేరితే ఇలాంటి చోటే ఇరుక్కుంటారు. అన్ని సొరంగాలకీ ఒకటే నియమం అనుకోకండి. వర్జీనియాలోని చెసపీక్ బే బ్రిడ్జ్-టనెల్‌లో పరిమితికి లోబడి, వాల్వు మూసి ఉంచితే ఆర్వీ ప్రొపేన్‌ని అనుమతిస్తారు. ప్రతి సొరంగం నియమాన్నీ దాని అధికారిక సైట్‌లో చూడటమే పద్ధతి.

మూడోది నేషనల్ పార్కుల రోడ్లు, కొండ దారులు. గ్లేసియర్ పార్కులో గోయింగ్-టు-ది-సన్ రోడ్డు మీద అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ దాకా బంపర్లతో కలిపి 21 అడుగుల పొడవు, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు దాటిన బండికి అనుమతి లేదు. యూటాలోని జయాన్ పార్కులో 1930లో తెరిచిన మౌంట్ కార్మెల్ టనెల్ కథ ఇంకా ముఖ్యం. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు లేదా 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు ఉన్న బండి వస్తే ఇన్నాళ్లూ ఎదుటి ట్రాఫిక్ ఆపి, రుసుము తీసుకుని మధ్యలో నుంచి పంపేవాళ్లు. 2026 మధ్య నుంచి పెద్ద బండ్లను అసలు రానివ్వబోమని పార్కు ప్రకటించింది. జయాన్ నుంచి బ్రైస్ కాన్యన్ వెళ్లే ప్లాన్ ఉంటే చుట్టుదారి లెక్క వేసుకోండి.

పాస్‌ల, అంటే కొండల మధ్య కనుమ దారుల సంగతి వేరు. యోసెమిటీలో టియోగా పాస్, మోంటానా-వయోమింగ్ మధ్య బేర్‌టూత్ హైవే శీతాకాలమంతా మూసే ఉంటాయి. మంచు ఎక్కువ పడిన ఏడాది జూన్ దాకా తెరవకపోవచ్చు. వయోమింగ్‌లో టీటన్ పాస్ పది శాతం వాలు. ట్రైలర్ లాగుతూ అలాంటి వాలు దిగడం కన్నా అరగంట చుట్టు తిరగడం హాయి అని నా అభిప్రాయం. బ్రేకులు వేడెక్కిన వాసన ముక్కుకి తగిలాక ఆ అరగంట విలువ తెలుస్తుంది.

కొట్టివేతలు అయ్యాక మిగిలిన దారిని, బండి కొలతలు అడిగే నావిగేషన్‌లో వేయండి. గార్మిన్ ఆర్వీ జీపీఎస్ గానీ ఆర్వీ లైఫ్ యాప్ గానీ సరిపోతుంది. గూగుల్ మ్యాప్స్‌ని ట్రాఫిక్ చూడటానికి పక్కన పెట్టుకోండి, తిప్పిన చోటల్లా తిరగడానికి కాదు. ర్యాండ్ మెక్‌నాలీ ట్రక్కు డ్రైవర్ల అట్లాస్‌లో ఎత్తు తక్కువ వంతెనల పట్టిక రాష్ట్రాలవారీగా ఉంటుంది. సిగ్నల్ లేని చోట ఆ పుస్తకమే దిక్కు.

3. ముందు రోజు సాయంత్రం రోడ్డుని ఒకసారి పలకరించండి

ఈ పనికి పావుగంట చాలు. ఫోన్‌లో 511 నొక్కితే చాలా రాష్ట్రాల్లో రోడ్డు సమాచారం వస్తుంది. అంతకన్నా ఆ రాష్ట్రపు 511 సైటు లేదా రవాణా శాఖ సైటు మేలు. మ్యాప్ మీద మూసివేతలు, పనులు జరిగే చోట్లు, కెమెరా దృశ్యాలు కనిపిస్తాయి. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో సైటు. రేపు రెండు సరిహద్దులు దాటుతారంటే మూడు సైట్లు చూడాలి.

సైటులో 180 నుంచి 195 మైలు మధ్య ఒక లేన్ మూసారు అని ఉంటుంది. ఇంటర్‌స్టేట్ మీద మైలు అంకెలు ప్రతి రాష్ట్రంలో పడమటి లేదా దక్షిణ సరిహద్దు దగ్గర సున్నాతో మొదలవుతాయి. ఎగ్జిట్ నంబర్లు కూడా చాలా రాష్ట్రాల్లో ఆ మైలు నంబర్లే. కాబట్టి అంకెలు పెరిగే వైపు వెళ్తూ ఎగ్జిట్ 178 దాటారంటే పని జరిగే చోటికి రెండు మైళ్లే ఉంది. పెట్రోలు, బాత్రూమ్, డ్రైవర్ మార్పు అన్నీ అంతకుముందే ముగించుకోండి.

గాలి కూడా చూడండి. కారువాళ్లు పట్టించుకోని విషయం ఇది. వయోమింగ్‌లో ఐ-80, ముఖ్యంగా లారమీ, రాలిన్స్ మధ్య ఎల్క్ మౌంటెన్ దగ్గర గాలి లారీలనే పడేస్తుంది. అక్కడ బరువు తక్కువుండి ఎత్తుగా ఉండే బండ్లకి దారి మూసేస్తూ ప్రత్యేకంగా బోర్డు పెడతారు. ఖాళీ ట్రైలర్, ఆర్వీ ఆ కోవకే వస్తాయి. కార్లు వెళ్తున్నాయి కదా అని వెళ్లకండి.

ఒక్కోసారి మూసివేత ఒక రోజుతో పోదు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను నార్త్ కరోలినా-టెన్నెసీ సరిహద్దులో పిజన్ నది లోయలో ఐ-40ని కోసేసింది. 2025 మార్చి 1న అటొక లేను, ఇటొక లేను, గంటకి 35 మైళ్ల వేగంతో తెరిచారు. 2017 మేలో కాలిఫోర్నియా బిగ్ సర్ దగ్గర మడ్ క్రీక్ కొండచరియ హైవే 1 మీద పడితే మళ్లీ తెరిచేసరికి ఏడాదికి పైగా పట్టింది. నెలల ముందు గీసిన దారిని వారం ముందు, మళ్లీ ముందు రోజు సరిచూడాలనేది ఇందుకే.

రోజుకి ఎంత దూరం? ఆర్వీవాళ్లలో మూడు-మూడు-మూడు అనే లెక్క ఉంది: 300 మైళ్లకు మించకుండా, మధ్యాహ్నం మూడింటికల్లా చేరిపోతూ, ఒక్కో చోట మూడు రోజులు ఉండటం. సెలవులు తక్కువున్నవాళ్లకి మూడో మూడు కుదరదు. మొదటి రెండూ మాత్రం వదలకండి. దారిలో గంటన్నర నిలిచిపోయినా వెలుతురుండగానే క్యాంప్‌గ్రౌండ్ చేరొచ్చు.

4. ఆరెంజ్ బోర్డు కనిపించగానే

అమెరికాలో ఆరెంజ్ రంగు బోర్డంటే తాత్కాలికంగా రోడ్డు మారిందని అర్థం. మొదటి బోర్డు దగ్గరే క్రూయిజ్ కంట్రోల్ తీసేయండి, వేగం తగ్గించండి. చాలా రాష్ట్రాల్లో ఇక్కడ జరిమానా రెట్టింపు. పెన్సిల్వేనియా, మేరీల్యాండ్ లాంటి చోట్ల పని జరిగే చోట్ల వేగం పట్టే కెమెరాలూ ఉన్నాయి. అద్దె బండి అయితే నోటీసు కంపెనీకి వెళ్లి, దాని మీద వాళ్ల ఫీజు కలుపుకుని మీ దగ్గరికి వస్తుంది.

ఇక లేను వెడల్పు. పని చేసే చోట పదకొండు అడుగులకి కుదించడం మామూలే. మీ బండి ఎనిమిదిన్నర, అటూ ఇటూ అద్దాలు చెరి తొమ్మిది అంగుళాలు. మొత్తం పది అడుగులు. మిగిలింది పక్కకి అరడుగు. ఎడమ పక్కన కాంక్రీటు గోడ, కుడి పక్కన లారీ. టెన్షన్ పడటం సహజం. అప్పుడు చూపు గోడ మీదకి, పీపాల మీదకి పోతుంది, చూపు పోయిన వైపే బండి కూడా లాగుతుంది. కళ్లు దూరంగా, లేను మధ్యలో పెట్టండి. కింది చిన్న అద్దంలో వెనక చక్రం, తెల్ల గీత మధ్య ఖాళీని అప్పుడప్పుడు చూసుకుంటే చాలు. లారీకి సరిగ్గా పక్కన ఎక్కువసేపు ఉండకండి. అది తోసే గాలికి ఆర్వీ ఊగుతుంది. కాస్త వెనక్కి తగ్గి దాన్ని పోనివ్వండి.

రెండు లేన్లు ఒకటిగా కలిసే చోట చివరిదాకా వచ్చి ఒకరి తర్వాత ఒకరు కలవడమే పద్ధతి అని చాలా రాష్ట్రాల రవాణా శాఖలు చెబుతాయి. కార్లకి అది సరే. నలభై అడుగుల బండికి చివర్లో సందు దొరకడం కష్టం. ముందే సిగ్నల్ వేసి, మిగలబోయే లేనులోకి మారిపోండి. వెనకాల ఎవరైనా హారన్ కొడితే కొట్టనివ్వండి.

పడమటి రాష్ట్రాల్లో రెండు లేన్ల రోడ్డు మీద ఒక వైపు తవ్వేస్తే పైలట్ కారు ఉంటుంది. జెండా మనిషి ఆపుతాడు, ఎదుటి వరుసంతా వచ్చాక పైలట్ కారు వెనక మీ వరుసని తీసుకెళ్తారు. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాల్సి రావచ్చు. పార్క్‌లో వేసి ఇంజిన్ ఆపేయండి. ఆ వరుసలో సొంత బాత్రూమ్, ఫ్రిజ్ ఉన్నవాళ్లు మీరొక్కరే, కాబట్టి ఫిర్యాదు చేయకండి. కదిలాక మాత్రం ముందు బండికి దూరం పాటించండి. కంకర మీద కొట్టుకొచ్చే రాయి ముందు అద్దాన్ని పగలగొడుతుంది. పెద్ద మోటార్‌హోమ్ ముందు అద్దం మార్చడమంటే కారు అద్దం మార్చినట్టు కాదు.

పాత తారు గీకేసి గీతలు పడ్డ రోడ్డు, రెండు లేన్ల మధ్య ఎత్తు తేడా ఉన్న రోడ్డు ట్రైలర్‌కి ప్రమాదం. చక్రం ఆ అంచు ఎక్కగానే ట్రైలర్ ఊగడం మొదలవుతుంది. అప్పుడు బ్రేక్ గట్టిగా తొక్కకూడదు, స్టీరింగ్‌తో సరిచేయబోకూడదు. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసేయండి. బ్రేక్ కంట్రోలర్ ఉంటే దాని మీటతో ట్రైలర్ బ్రేకుని మాత్రం కొద్దిగా నొక్కండి. ట్రైలర్ వెనక్కి లాగి వరుసలోకి వస్తుంది. బయల్దేరే ముందు టైర్లు చల్లగా ఉండగా గాలి చూసుకోవడం, బరువు ట్రైలర్ వెనక భాగంలో పేరకుండా సర్దుకోవడం ఈ ఊగుడికి అసలు మందు.

అలాస్కా హైవే వెళ్లేవాళ్లకి ఒక మాట. యూకాన్‌లో డిస్ట్రక్షన్ బే నుంచి బీవర్ క్రీక్ వైపు, కింద గడ్డకట్టిన నేల కరిగి కుంగడం వల్ల రోడ్డు అలల్లా లేచి పడుతుంది. ఆ గుంతల ముందు చిన్న జెండా తప్ప ఇంకేమీ ఉండకపోవచ్చు. వేగం తగ్గించకపోతే లోపల అల్మారా తలుపులన్నీ తెరుచుకుని గిన్నెలు నేల మీద ఉంటాయి.

డీటూర్ బోర్డు కార్లని ఊళ్లోకి తిప్పితే గుడ్డిగా వెళ్లకండి. ట్రక్ డీటూర్ అని వేరే బోర్డు ఉందేమో చూడండి. లేకపోతే పెద్ద లారీలు ఎటు వెళ్తున్నాయో చూడండి. వాటి ఎత్తు మామూలుగా పదమూడున్నర అడుగులు, అవి పట్టే చోట మీ బండీ దూరుతుంది. మలుపు తప్పితే సందుల్లోకి దూరి వెనక్కి తిప్పే ప్రయత్నం వద్దు. నేరుగా వెళ్లి, పెద్ద పార్కింగ్ గానీ ట్రక్ స్టాప్ గానీ దొరికినప్పుడు ఆగి దారి చూసుకోండి.

5. టోల్: ఎవరు ఎలా లెక్కేస్తారు

దేశమంతటికీ ఒకే పద్ధతి లేదు. మూడు ఉదాహరణలు చూడండి.

మిషిగన్‌లో మ్యాకినాక్ వంతెన మీద కారుకి యాక్సిల్‌కి 2 డాలర్లు, మోటార్‌హోమ్‌కి యాక్సిల్‌కి 5. అంటే రెండు యాక్సిళ్లకి కారు 4, మోటార్‌హోమ్ 10. న్యూయార్క్ త్రూవేలో యాక్సిళ్లతో పాటు ముందు భాగం ఎత్తు 7 అడుగుల 6 అంగుళాలు దాటిందా అని చూస్తారు, దాటితే వేరే తరగతి. ఫ్లోరిడా టర్న్‌పైక్‌లో యాక్సిళ్లలోంచి ఒకటి తీసేసి మిగిలిన సంఖ్యతో కారు టోల్‌ని గుణిస్తారు. రెండు యాక్సిళ్ల మోటార్‌హోమ్ కారుతో సమానం, వెనకాల కారు తగిలిస్తే నాలుగు యాక్సిళ్లు, టోల్ మూడింతలు. ఫ్లోరిడాలో కారు లాగాలా, భార్యాభర్తల్లో ఒకరు దాన్ని విడిగా నడపాలా అనే ప్రశ్న ఇందుకే వస్తుంది. విడిగా నడిపితే పెట్రోలు ఖర్చు టోల్‌ని మింగేస్తుంది కనుక నా ఓటు లాగడానికే.

తర్వాత ట్రాన్స్‌పాండర్, అంటే ముందు అద్దానికి అతికించే ఎలక్ట్రానిక్ టోల్ పాస్. పెన్సిల్వేనియా టర్న్‌పైక్, న్యూయార్క్ త్రూవే 2020 నుంచి, కాన్సస్ టర్న్‌పైక్ 2024 జులై నుంచి నగదు తీసుకోవడం లేదు. పాస్ లేకపోతే నంబర్ ప్లేట్ ఫొటో తీసి బిల్లు పంపుతారు, ఆ రేటు చాలా చోట్ల బాగా ఎక్కువ. తూర్పు, మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో చాలావరకు ఈ-జీపాస్ సరిపోతుంది. ఫ్లోరిడా సన్‌పాస్ ప్రో కూడా ఆ రాష్ట్రాల్లో పనిచేస్తుంది. కాలిఫోర్నియాకి ఫాస్‌ట్రాక్ వేరు. గోల్డెన్ గేట్ వంతెన 2013 నుంచే నగదు మానేసింది, శాన్ ఫ్రాన్సిస్కోలోకి వచ్చేటప్పుడే టోల్, పోయేటప్పుడు లేదు.

పాస్ ఖాతాలో ఆర్వీ ప్లేట్, ట్రైలర్ ప్లేట్, లాగే కారు ప్లేట్ అన్నీ చేర్చండి. కెమెరా వెనక నుంచి ఫొటో తీస్తే పడేది లాగే కారు ప్లేటే. ఆ కారు అద్దం మీద ఇంకో పాస్ ఉంటే తీసి, దాంతో పాటు వచ్చిన రేకు సంచిలో పెట్టేయండి. లేకపోతే ఒకే గేటులో రెండుసార్లు డబ్బు పోవచ్చు. కొన్ని మోటార్‌హోమ్‌ల ముందు అద్దంలో లోహపు పూత ఉంటుంది, దాని వెనక పాస్ చదవదు. అలాంటివాళ్లకి బంపర్ మీద బిగించే పాస్ ఇస్తారు. ఎడమ చివరి ఎక్స్‌ప్రెస్ లేన్ల జోలికి పోకండి, చాలా చోట్ల అవి ట్రైలర్లకి నిషిద్ధం.

అద్దె బండి తీసుకునేటప్పుడు టోల్ గురించి రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: ప్లేట్ బిల్లు వస్తే ఒక్కోదానికి మీ ఫీజు ఎంత? నా సొంత పాస్ పెట్టుకోవచ్చా? రెండు డాలర్ల టోల్ మీద ఫీజే దానికి ఎన్నో రెట్లు ఉన్న కాగితాలు చూశాను. సొంత పాస్ పెట్టుకోనిస్తే అద్దె తేదీలకి మాత్రమే ఆ ప్లేట్‌ని ఖాతాలో చేర్చి, బండి అప్పగించిన రోజే తీసేయండి. తర్వాత వచ్చినవాళ్ల టోల్ మీరు కట్టక్కర్లేదు.

టోల్ తప్పించుకుంటే మిగులుతుందా? లెక్క వేయండి. గ్యాలన్‌కి ఎనిమిది మైళ్లు ఇచ్చే బండి అరవై మైళ్లు ఎక్కువ తిరిగితే ఏడున్నర గ్యాలన్లు. గ్యాలన్ మూడున్నర డాలర్లు అనుకుంటే 26 డాలర్ల పైమాటే, పైగా గంటకు పైగా సమయం. టోల్ అంతకన్నా తక్కువైతే కట్టేయండి. టోల్ లేని దారి బాగుండి, ఊళ్లు చూడాలని ఉంటే అది వేరే సంగతి.

6. ఇంటికి వచ్చాక

నెల రోజుల పాటు పాస్ ఖాతా చూస్తూ ఉండండి. కొన్ని టోల్స్ ఆలస్యంగా పడతాయి. యాక్సిళ్ల లెక్క తప్పుగా వేసి ఎక్కువ తీసుకున్నా, ఒకే గేటు రెండుసార్లు కనిపించినా ఆ తేదీ, గేటు పేరుతో ఖాతాలోంచే ఫిర్యాదు పెట్టొచ్చు. లాగే కారు తగిలించి ఉన్నప్పుడూ, లేనప్పుడూ బండి ఫొటో తేదీతో ఉంటే పని త్వరగా అవుతుంది.

టోల్ బాకీ ఉందంటూ లింకుతో ఫోన్‌కి మెసేజ్ వస్తే నొక్కకండి. 2024 ఏప్రిల్‌లోనే ఎఫ్‌బీఐ వీటి గురించి హెచ్చరించింది. మీరు నిజంగానే ఆ రాష్ట్రంలో తిరిగి వచ్చి ఉంటారు కాబట్టి నమ్మబుద్ధి అవుతుంది, మోసగాళ్లకి కావలసిందీ అదే. బాకీ నిజమో కాదో తెలియాలంటే ఆ లింకు వదిలేసి, టోల్ సంస్థ సైటు అడ్రసు మీరే టైప్ చేసి మీ ప్లేట్ నంబరుతో వెతకండి. అద్దె బండైతే కంపెనీకి ఫోన్ చేసి ఆ తేదీకి నోటీసు ఏమైనా వచ్చిందా అని అడగండి.